చేను చేనే, గట్టు గట్టే

మా రోజుల్లో పొయ్యి కోసమని చేను దున్నిన రైతు చోడవరం చుట్టుపక్కల ఒక్కడు లేడు. చెరకు వేసేవాళ్లం. రసం బెల్లమయ్యేది. పిప్పి ఆ బెల్లాన్ని ఉడికించేది. ఎండాకు పశువుల సాలకు కప్పయ్యేది, మోడు చిగిర్చి కార్శి తోటయ్యేది. పొయ్యిలో బూడిద మళ్లీ చేనికే పోయేది. ఇప్పుడు పంటతో ఇంధనం అని ప్రభుత్వం కొత్తగా చెబుతుంటే నాకు ఆ గానుగ రాత్రులే కళ్ల ముందుకొస్తాయి. మా అయ్య తరం చేసింది అదే పని. చేసిన తీరు మాత్రం వేరు.

పుష్యమాసం చలిలో గానుగ దగ్గర పడుకున్నవాడికి తెలుస్తుంది పిప్పి విలువ. రెండు మూడు రోజులు ఎండలో ఆరిన పిప్పిని మంట వేసే మనిషి చేతినిండా తీసి పొయ్యి నోట్లోకి విసిరేవాడు. ఎక్కువ వేస్తే పాకం మాడుతుంది, తక్కువైతే తెట్టు పైకి రాదు. పెనం మీద రసం పొంగుతుంటే సున్నపు తేట పోసి, తెట్టు తీసి పక్కన పెట్టేవారు. పాకం చుక్క చన్నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ కట్టిందంటే దింపేయమని కేక. అంత పనికీ ఊళ్లోంచి ఒక్క పుల్ల తెచ్చింది లేదు. దిమ్మలు నాటుబండి మీద అనకాపల్లి మార్కెట్టుకు వెళ్లేవి, పిప్పి మిగిలితే మా అమ్మ పొయ్యికి వచ్చేది.

దీపానికి, ఎరువుకి గట్టు మీద కానుగ ఉండేది. గెడ్డ ఒడ్డున నాటిందెవరో ఎవరికీ తెలియదు. కాయలు ఎండాక ఆడవాళ్లు ఏరి, కొట్టి, గింజ గానుగకు పంపేవాళ్లు. ఆ నూనె దీపానికి చేదు వాసన ఉండేది గాని, పురుగు దగ్గరికొచ్చేది కాదు. చెక్క చెరకు చాళ్లలో వేస్తే చెదలు తగ్గేవి. ఆకు వరిమడిలో తొక్కేవాళ్లం. నేపాళం కూడా ఉండేది, కంచెగా. పిల్లలం దాని కాడ విరిచి, ఆ పాలతో బుడగలు ఊదేవాళ్లం. మా జట్టులో ఒక గుంటడు దాని గింజలు బాదం పప్పులనుకుని నమిలి, పొద్దు వాలేదాకా వాంతులు చేసుకున్నాడు. ఆ మొక్కది కంచె జాగా అని మాకు ఆ వయసులోనే తెలిసింది.

ప్రభుత్వం రైతుకు చదువు చెప్పకూడదని నేననను. అనకాపల్లి చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచి ఉంది. మా అయ్య అక్కడికి నడిచి వెళ్లి చేను చూసొచ్చేవాడు. ముందు వాళ్ల నేలలో పెంచేవారు, మోపు ఎంత తూగిందో, రసం ఎంత తియ్యగా ఉందో మన కళ్ల ముందు చూపించేవారు. ఆ తర్వాతే విత్తనపు ముచ్చెలు చేతికిచ్చేవారు. కో 419 రకం మా చేనికి అలాగే వచ్చింది. ఇన్నేళ్లయినా విశ్వామిత్ర అని పిలిచే 87 ఏ 298 పేరు చెబితే మా వయసువాళ్ల ముఖం వికసిస్తుంది. అది మా నేల మీద, మా శారదా నది పక్కన పెరిగిన రకం.

పెట్రోల్లో సారా కలిపే ఆలోచన కూడా ఇప్పటిది కాదు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై, బస్సు వెనక బొగ్గు గ్యాసు డబ్బా కట్టుకుని నడిపిన సంగతి మా అయ్య చెప్పేవాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, చక్కెర తీశాక మిగిలే మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాల్ పెట్రోల్లో కలపడానికి ఢిల్లీలో చట్టమే చేశారు. యాభై రెండేళ్లు దాన్ని అలాగే ఉంచి, 2000లో రద్దు చేశారు. మూడేళ్లు తిరక్కుండా, 2003లో, మన రాష్ట్రంతో సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతం ఇథనాల్ కలపాలన్నారు. విత్తు వేశాక దున్నడం అంటే ఇదే. రైతు అలా చేస్తే ఊరు ఊరుకోదు.

అదే ఏడు ఏప్రిల్లో ప్రణాళికా సంఘం కమిటీ నేపాళం మీద నివేదిక ఇచ్చింది. డీజిల్లో అయిదో వంతు దాని నూనె కలపాలంటే దేశంలో కోటీ 12 లక్షల హెక్టార్లలో తోటలు వెయ్యాలని లెక్క. గింజలో మూడో వంతు నూనె ఉంటుందన్నది నిజమే. నీళ్లు లేకపోయినా బతుకుతుందన్నదీ నిజమే. బతకడం వేరు, కాయడం వేరు. ఆ తేడా మా పక్క ఏ ముసలమ్మనడిగినా చెప్పేది.

మా తమ్ముడికి ఎకరన్నర మెట్ట ఉంది. నువ్వులు, ఉలవలు, చోళ్లు పండేవి. ఊళ్లో షామియానా వేసి నేపాళం మీద ఒక మీటింగు పెట్టారు. కాగితం చేతబట్టుకుని ఒక కుర్రాడు చెప్పాడు: నీళ్లక్కర్లేదు, పశువు ముట్టదు, మూడో ఏటి నుంచి డబ్బు. మొక్కలు ఉచితంగా ఇచ్చారు. నేను వద్దన్నాను. "అన్నయ్యా, గవర్నమెంటు చెబుతోంది కదా" అన్నాడు వాడు. నాలుగో ఏటికి రెండు గోనె సంచుల గింజలొచ్చాయి. నాటించిన ఆఫీసుకు తీసుకెళ్తే ఆ పథకం చూసిన మనిషి బదిలీ అయ్యాడన్నారు, కొనే సంగతి తమకు తెలియదన్నారు. నూనె మిల్లుకు తీసుకెళ్తే, "బాబూ, ఇది విషపు గింజ. నా మిషను కడుక్కోవడానికే రెండు రోజులు పడుతుంది" అని వెనక్కి పంపాడు. ఆ సంచులు అటక మీద ఏళ్లపాటు ఉన్నాయి, ఎలుక కూడా ముట్టలేదు. నువ్వులు వేసిన ఏడు నూనె ఇంటికి, చెక్క గేదెకి వచ్చేది. నేపాళం చెక్క గేదె ముందు పెట్టడానికి కూడా లేదు. ఆ మొక్కలు పీకించడానికి వాడు కూలి ఎదురిచ్చుకున్నాడు. నాకు ఇప్పటికీ కడుపు రగిలేది అక్కడే.

అయితే మంచి జరిగిన చోటు కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో ఆడవాళ్ల సంఘం ఉన్న కానుగ చెట్ల గింజ ఏరి, ఊళ్లోనే మిషను పెట్టి నూనె తీసింది. చెక్క ఎరువుగా అమ్ముకుంది. ఆ నూనె డీజిల్ బదులు వాడితే తగ్గే పొగకు లెక్కగట్టి, 147 టన్నులకు ప్రపంచ బ్యాంకు 2003లో 645 డాలర్లు ఇచ్చింది. వాళ్లు చోళ్ల చేను తీసెయ్యలేదు, చెట్టు కింద రాలింది ఏరుకున్నారు. మా గట్టు మీది కానుగకీ ఆ లెక్కే సరిపోయేది. ఎవరూ వచ్చి అడగలేదు.

ఇప్పుడు ఇథనాల్. 2025 నాటికి పెట్రోల్లో 20 శాతం కలిసిపోయింది. మా మనవడి బండిలో పోసేది అదే. చెరకు రైతుకు మంచి రోజులొచ్చాయని పేపర్లో చదివి మొదట సంబరపడ్డాను. టన్ను చెరకు నుంచి చక్కెర తీశాక మిగిలిన మొలాసిస్‌తో పది పదకొండు లీటర్ల ఇథనాల్ వస్తుంది. చక్కెర తియ్యకుండా రసమంతా పులియబెట్టి తీస్తే 70 లీటర్లు. మొదటిది మా పిప్పి లెక్క, మిగిలింది వాడుకోవడం. దానికి నేను రెండు చేతులా దణ్ణం పెడతాను. రెండోదానికి నీళ్లు ఎక్కడివి? చక్కెర పంట నుంచి లీటరు ఇథనాల్ తియ్యడానికి 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే రాసి ఉంది. మా రైవాడ జలాశయం నీళ్లు విశాఖపట్నం కుళాయిల్లోకి వెళ్తాయి, చేలు ఆకాశం వైపు చూస్తాయి. 2023లో వానలు సరిగ్గా పడక చక్కెర తగ్గుతుందని తెలిసి, డిసెంబరు 7న రసంతో ఇథనాల్ చెయ్యొద్దని ఢిల్లీ నుంచి ఆదేశం వచ్చింది. పది రోజులు తిరక్కుండా కొంత సడలించారు. చెరకు పది పన్నెండు నెలల పంట. పది రోజులకొక మాట మారితే రైతు ఏ మాట నమ్మి ముచ్చె పాతాలి? ఆ సీజన్లో మొక్కజొన్న ఇథనాల్‌కి లీటరుకు 71 రూపాయల 86 పైసలు, చెరకు రసానిదానికి 65 రూపాయల 61 పైసలు ధర ఇచ్చారు. మొక్కజొన్న కోళ్ల మేత, ఇప్పుడు దాన్నీ బండ్లకు పోస్తున్నాం.

ఇంధనం కావాలి, నేను కాదనను. పరాయి దేశాల చమురు కొనడం తగ్గితే నాకూ సంతోషమే. కాని పరిశోధన చేసేవాళ్లు మా దగ్గర ఒక క్రషింగ్ సీజను గడపాలి. కటింగ్ ఆర్డరు కోసం రైతు ఎన్నిసార్లు తిరుగుతాడో, కాటా దగ్గర బండి ఎన్ని గంటలు నిలబడితే చెరకు ఎంత ఎండుతుందో, బిల్లు ఎన్ని నెలలకు చేతికొస్తుందో చూడాలి. తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార మిల్లుల గొట్టాల్లో పొగ లేదు. అవి మూతపడ్డాక మాకు గోవాడ మిల్లే దిక్కైంది. పొగ ఉన్నప్పుడు ఆ మిల్లుల్లో పిప్పి ఉండేది, మొలాసిస్ ఉండేది. మొక్క నుంచి ఇంధనం కావాలంటే అవే ముందు నిలబెట్టాల్సినవి.

2022లో మమ్మల్ని అనకాపల్లి జిల్లా అన్నారు, నా నోటికి ఇంకా విశాఖ జిల్లానే వస్తుంది. మా వీధి చివర్నించి గెడ్డ దాకా ఒకప్పుడు చెరకు తప్ప ఇంకొకటి కనిపించేది కాదు. ఇప్పుడు ఒక పక్క సరుగుడు, ఒక పక్క నీలగిరి. కానుగల్లో రెండు రోడ్డు వెడల్పుకి పోయాయి, ఒకటి మిగిలింది. తమ్ముడి మెట్టలో మళ్లీ నువ్వులు పడ్డాయి. నేను మాత్రం ఈ ఏడు అరెకరం కార్శి ఉంచాను, మొన్ననే జడచుట్లు కట్టించాను. నరికాక ఎక్కడికి తోలాలో ఇంకా తేలలేదు.