మబ్బు చూసి మీటే మనిషి

ఇంగ్లండులో జూన్ నెల శనివారం నాడు పెళ్లికూతురి కంటే ముందు నిద్ర లేచేది హార్పిస్టు. లేవగానే కాఫీ జోలికి పోదు, కిటికీ దగ్గరికి పోతుంది. ఆ తర్వాత ఫోన్లో మెట్ ఆఫీసు వారి వాతావరణ సూచన చూస్తుంది. అదొక్కటే చాలదని ఇంకో రెండు యాప్‌లు తెరుస్తుంది. మూడూ మూడు రకాలుగా చెబితే, వాటిలో అధ్వాన్నమైనదాన్ని నమ్మి, కారులో ప్లైవుడ్ చెక్క, పెద్ద గొడుగు, డజను బట్టల క్లిప్పులు సర్దుకుంటుంది. హార్ప్ రాత్రే ఎక్కేసింది. ఆ కారు కొనేటప్పుడు కూడా ఆమె మైలేజీ అడగలేదు, వెనక సీట్లు మడిస్తే ఎన్ని అడుగులొస్తుందో టేపు పెట్టి కొలుచుకుంది.

పెళ్లివారికి మాత్రం ఆమె పైనుంచి దిగి వచ్చిన దేవకన్య. పాశ్చాత్యుల బొమ్మల్లో స్వర్గమంటే మబ్బుల మీద కూర్చుని హార్ప్ మీటే రెక్కల మనుషులే కదా! అందుకని పెళ్లికూతురు కోరేది ఒకటే: చెరువు గట్టున, చెట్టు నీడన, పచ్చగడ్డి మీద హార్ప్ మోగాలి. హార్పిస్టు కోరేదీ ఒకటే: నెత్తి మీద కప్పు ఉండాలి. మబ్బుల పైన కూర్చున్నవాళ్లకు వాన బెడద లేదు, తడిసేది కింద ఉన్నవాళ్లే.

ఒకప్పుడు ఈ విషయంలో చట్టం ఆమె పక్షాన ఉండేది. ఇంగ్లండు, వేల్సుల్లో అనుమతి పొందిన హోటల్లోనో కోటలోనో సివిల్ పెళ్లి చేసుకోవాలంటే, అది గదిలోనో, శాశ్వతమైన కప్పు కిందో జరిగి తీరాలి. కోవిడ్ కాలంలో, 2021 జూలై 1 నుంచి, అదే ఆవరణలో ఆరుబయట కూడా చేసుకోవచ్చన్నారు. 2022లో దాన్ని శాశ్వతం చేశారు. పెళ్లివారు సంబరపడ్డారు. హార్పిస్టు వెళ్లి ప్లైవుడ్ కొనుక్కుంది.

ప్లైవుడ్ ఎందుకంటే, పెద్ద హార్ప్ దాదాపు ఆరడుగుల ఎత్తు, నలభై కిలోలకు అటూ ఇటూగా బరువు. 47 తీగలు. అడుగున ఏడు పెడళ్లు, స్వరానికొకటి. ఒక్కో పెడలుకు మూడు మెట్లు. 1810లో సెబాస్టియన్ ఎరార్ అనే వాద్యనిర్మాత లండన్‌లో పేటెంటు తీసుకున్న ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. ఆయన అన్నీ ఆలోచించాడు గానీ తడిసిన పచ్చిక గురించి ఆలోచించలేదు. మెత్తటి నేల మీద కుడికాలు ఒక పెడలు తొక్కితే హార్ప్ కుడికి ఒరుగుతుంది, ఎడమకాలు తొక్కితే ఎడమకు ఒరుగుతుంది. ఆమె అరమోడ్పు కళ్లతో తల ఊపుతుంటే రసావేశం అనుకుంటారు జనం. వాద్యం తన మీద పడకుండా భుజంతో ఆపుకుంటోందామె.

ఇక తీగలవి మూడు వేరు కాపురాలు. పైవి నైలాన్, నడిమివి పశువుల పేగుతో చేసినవి, అడుగువి లోహం చుట్టినవి. ఎండ తగిలితే లోహం సాగి శ్రుతి దిగుతుంది. చెమ్మ తగిలితే పేగు తీగ ఉబ్బుతుంది. మూడూ కలిసికట్టుగా చెడితే ఎవరికీ తెలిసేది కాదు, కానీ దేని దారి దానిది. అందుకే ఆమె పెళ్లికి గంటన్నర ముందే వచ్చి శ్రుతి చేస్తుంది. అంతా అయ్యేసరికి సూర్యుడు చెట్టు చాటు నుంచి బయటికొస్తాడు. మళ్లీ మొదటి తీగ దగ్గరికి.

చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. పదిహేను డిగ్రీల కంటే తగ్గితే వాయించనని ఆమె ఒప్పందంలో ఒక షరతుంది. ఎవరైనా మూతి విరిస్తే ఒబామా ఉదాహరణ తీస్తుంది. 2009 జనవరి 20న ఆయన మొదటి ప్రమాణ స్వీకారంలో ఇట్జాక్ పెర్ల్‌మన్, యో-యో మా వంటి ఉద్దండులు గడ్డకట్టే చలిలో వాయించారు కదా, ఆ వేళ జనం లౌడ్‌స్పీకర్లలో విన్నది రెండు రోజుల ముందు రికార్డు చేసిన సంగీతం. చలికి వాద్యాల శ్రుతి నిలవదని అలా చేశారు. "అమెరికా అధ్యక్షుడే సర్దుకున్నాడు, మీరూ సర్దుకోండి" అని ఆమె తాత్పర్యం.

వానకు ఉదాహరణ పారిస్. 2024 జూలై 26న ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అలెగ్జాండర్ కాంటరో జోరువానలో పియానో వాయించాడు. వాయించింది రవెల్ రచన, దాని పేరు నీళ్లాటలు అనే అర్థమిచ్చేదే. లోకమంతా కుర్రాడి గుండెధైర్యం చూసి చప్పట్లు కొట్టింది. హార్పిస్టు మాత్రం పియానో చెక్క మీద నిలిచిన నీటిబొట్లు చూసి టీవీ కట్టేసింది.

గాలి సంగతి వేరు. గాలికి తీగలు వాటంతట అవే మోగుతాయి. అలా మోగే వాద్యాన్ని అథనేషియస్ కిర్షర్ అనే జెసూట్ పండితుడు 1650 నాటి గ్రంథంలోనే వర్ణించాడు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ పెళ్లివారు ముందే చెప్పిన పాటల జాబితాలో అది ఉండదు. స్వరాల కాగితాలు ఎగిరిపోకుండా క్లిప్పులు పెడితే పేజీ తిప్పడం కుదరదు. సరే కదా అని టాబ్లెట్ కొంది. చినుకు తెర మీద పడగానే, వేలు తగిలిందనుకుని అది నాలుగు పేజీలు ముందుకు తిప్పింది. పెళ్లికూతురు నడవలో సగం దూరం వచ్చేసరికి సంగీతం ముగింపులో ఉంది. పేజీ తిప్పడానికి కాలితో నొక్కే మీట కూడా దొరుకుతుందని పెళ్లికొడుకు స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు. ఏడు పెడళ్ల మీద రెండు కాళ్లతో కసరత్తు చేస్తున్న మనిషి అతనికేసి చూసిన చూపు వేరే చెప్పాలా?

ఒకసారి తెలుగు పెళ్లికొడుకు, ఇంగ్లీషు పెళ్లికూతురు. ముహూర్తానికి సరిగ్గా వాన. "అమ్మాయి చిన్నప్పుడు పచ్చిబియ్యం బొక్కి ఉంటుంది" అన్నారు వరుడి పెదనాన్న. సంగతి ఇంగ్లీషులో వివరించి చెప్పాక హార్పిస్టు పకపకా నవ్వలేదు. బుకింగ్ ఫారంలో ఆ ప్రశ్న కూడా చేర్చాలా అని ఆలోచనలో పడింది. ఆయన ఊరుకోక, "మాకీ వాద్యం కొత్తేం కాదమ్మా. మా అమరావతి స్తూపం శిల్పాల్లో విల్లులా వంగిన ఇలాంటి వీణలున్నాయి. ఆ శిల్పాలు కొన్ని మీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి" అన్నారు. ఆమె ఎప్పుడో చూసే ఉంది. అవి రాతివి, పైగా అద్దాల గదిలో, కప్పు కింద ఉన్నాయి. ఆ వాద్యగాళ్ల మీద ఆమెకు చెప్పలేనంత అసూయ.

విందు మొదలయ్యాక హార్ప్‌కు దుప్పటి తొడిగి, రెండు చక్రాల బండి మీద వాల్చి, గడ్డిలో ఈడ్చుకుంటూ కారు దాకా తీసుకుపోతుంటే, గ్లాసు పట్టుకున్న పెద్దమనిషి ఒకడు తప్పకుండా ఎదురొస్తాడు. "అయ్యో, ఫ్లూటు నేర్చుకోవాల్సింది కదా!" అంటాడు. ఈ ముక్క ప్రపంచంలో తనకే మొదట తట్టిందని అతని ధీమా. ఇరవై ఏళ్లుగా ప్రతి శనివారం వింటున్న ఆ మాటకు ఆమె అప్పుడే విన్నట్టు నవ్వుతుంది. కారు తలుపు పడుతుండగా మబ్బు విడిపోయి ఎండ కాస్తుంది.

ఆమె పెళ్లి మాత్రం నవంబరులో, నాలుగు గోడల మధ్య, కిటికీలన్నీ బిగించిన హాల్లో జరిగింది. వాయించడానికి స్నేహితురాలిని పిలిచింది. ఫ్లూటు.