తప్పిపోయిన తాతగారు: ఒక చర్చి రిజిస్టరు ఆత్మకథ

నేనొక చర్చి రిజిస్టరుని. ఇంగ్లండు నైరుతిన విల్ట్‌షైర్ కౌంటీలో, సాలిస్‌బరీ మైదానం అంచున ఉన్న చిన్న పల్లె నాది. నా ఒళ్ళంతా గొర్రె చర్మమే. చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, బొచ్చు గీకి, చట్రానికి బిగలాగి ఆరబెట్టి నా పుటలు చేశారు. మాచికాయల కషాయంలో అన్నభేది, బంక కలిపిన సిరాతో నా మీద రాశారు. ఆ సిరా రాసేటప్పుడు లేతగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఒకసారి తోలులోకి దిగితే తుడిచినా పోదు. 1754 నుంచి 1812 డిసెంబరు 31 దాకా మా చర్చిలో ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా, ఎవరిని సమాధి చేసినా నాలోనే రాశారు. మీ ఊళ్ళలో ఒకప్పుడు కరణం దగ్గర భూముల దస్త్రం ఎలాగో, మా ఊళ్ళో ఫాదరు దగ్గర మనుషుల దస్త్రం నేను.

మా వంశం పాతది. 1538లో ఎనిమిదో హెన్రీ రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ, అంటే ఒక్కో చర్చి పరిధిలోనూ, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాసే పుస్తకం ఉండాలని ఉత్తర్వు వేశాడు. దాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి. ఒక తాళంచెవి ఫాదరు దగ్గర, ఇంకొకటి చర్చి వార్డెన్ల దగ్గర ఉండాలి. ఇదంతా కొత్త పన్ను వేయడానికేనని జనం భయపడ్డారు. కాగితం మీద రాసిన తొలి పుస్తకాలు చాలావరకు పాడైపోయాయి. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, 1598లో, వాటిని తోలు పుటల మీదికి ఎత్తిరాయమన్నారు. ముఖ్యంగా ఆమె గద్దెనెక్కిన 1558 నుంచి ఉన్నవి ఎత్తిరాయమన్నారు. చాలా పారిష్‌లలో లెక్క ఆ ఏడాదితోనే మొదలవడానికి కారణం అదే. ఏటేటా ఒక నకలు బిషప్పుకి పంపాలన్న నియమం కూడా అప్పటిదే. నా నకళ్ళు సాలిస్‌బరీ బిషప్పు దగ్గరికి వెళ్ళేవి.

నాలో పెళ్ళిళ్ళు ఉండవు. హార్డ్‌విక్ ప్రభువు తెచ్చిన చట్టం 1754 మార్చి 25న అమల్లోకి వచ్చాక పెళ్ళిళ్ళకు వేరే పుస్తకం పెట్టారు. అది నా తోబుట్టువు. వధూవరులు అందులో సంతకం పెట్టాలి, చేతకాకపోతే ఇంటూ గుర్తు పెట్టాలి. కనీసం ఇద్దరు సాక్షులు కూడా సంతకం చేయాలి. ఈ సాక్షుల మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నన్ను చదివేవాళ్ళకు మా ఊరి పద్ధతులు తెలియాలి. నాలో ఉండేది బాప్తిస్మం తేదీ. బిడ్డ పుట్టి వారం అయ్యుండొచ్చు, ఆరేళ్ళూ అయ్యుండొచ్చు. మగపిల్లలకు జాన్, విలియం, థామస్ అన్న పేర్లే తిప్పితిప్పి పెట్టేవారు. తాతకీ మనవడికీ, అన్న కొడుక్కీ తమ్ముడి కొడుక్కీ ఒకే పేరు. ఇంటిపేరుకు స్థిరమైన అక్షరాలు లేవు. చదువురాని తండ్రి నోటితో చెప్పింది ఫాదరు చెవికి ఎలా వినపడితే అలా రాసేవారు. హాకిన్స్ అన్న ఇంటిపేరు ఒక పుటలో హకారంతో ఉంటే, ఇంకో పుటలో ఆకిన్స్ అయి కూర్చుంటుంది. అకారాది సూచికలో ఈ రెండిటికీ ఎంత దూరమో వెతికేవాళ్ళకే తెలుసు.

వందేళ్ళు దాటిన రిజిస్టర్లను భద్రమైన రికార్డు ఆఫీసులకు అప్పగించాలని 1978లో చర్చి నిబంధన వచ్చాక చాలా పల్లెల పుస్తకాలు పెట్టెల్లోంచి బయటపడ్డాయి. నేనిప్పుడు చిప్పెన్‌హామ్ పట్టణంలోని విల్ట్‌షైర్ అండ్ స్విండన్ హిస్టరీ సెంటర్‌లో, చల్లటి గదిలో ఉన్నాను. చదవడానికి వచ్చినవాళ్ళకు నా ఫోటోలు తెర మీద చూపిస్తారు. ఎందరో వచ్చి చదివి వెళ్ళారు. వాళ్ళలో ఒకావిడ వెతుకులాట గురించి చెప్పాలి.

ఆవిడకు కావలసింది తన ముత్తాతకు తాత. ఆయన 1851 జనాభా లెక్కల్లో ఉన్నాడు. వ్యవసాయ కూలి, వయసు 62, పుట్టిన చోటు మా ఊరు. అంతకు ముందు 1841 లెక్కల్లో వయసు 50 అని ఉంది. ఆ ఏడాది పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును ఐదుల లెక్కన కిందికి దించి రాయమన్నారు కాబట్టి ఆ యాభైకి యాభై నాలుగు దాకా అర్థం ఉంది. పుట్టిన ఊరూ ఆ లెక్కల్లో అడగలేదు, అదే కౌంటీనా కాదా అన్నంతవరకే అడిగారు. 1861కి ఆయన లేడు. ఇంగ్లండులో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలుపెట్టింది 1837 జులై 1న. అంతకు ముందు పుట్టినవాడి కోసం మా దగ్గరికి రావలసిందే.

ఆవిడ 1785 నుంచి 1793 దాకా నా పుటలన్నీ ఆ ఇంటిపేరు కోసం గాలించింది. లేదు. బిషప్పు నకళ్ళలో చూసింది. అక్కడా లేదు. మా చర్చికి రాని బాప్టిస్టుల, ఇండిపెండెంట్ల చాపెళ్ళ పుస్తకాలు 1837 తర్వాత ప్రభుత్వం లండన్‌కు తెప్పించింది. వాటిలోనూ లేదు. ఆఖరికి పక్క పారిష్‌లో అదే పేరు, అదే ఇంటిపేరు, సరిగ్గా అదే ఏడాది బాప్తిస్మం దొరికింది. చాలామంది అక్కడితో ఆగి, ఆ పిల్లాడి తల్లిదండ్రులను తమ వంశవృక్షంలో రాసేసుకుంటారు. ఈవిడ అదే రిజిస్టరులో ఖననాలు కూడా చదివింది. మూడు వారాల తర్వాత ఆ పసివాడిని సమాధి చేసినట్టు ఉంది. ఎవరో తల్లిదండ్రులు పోగొట్టుకున్న బిడ్డను ఆవిడ తన తాతగా చేసుకోలేదు. అక్కడే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

హిస్టరీ సెంటర్ ఉద్యోగి ఒకరు ఆవిడతో, "ఆయన దొరక్కపోతే ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను చూడండి" అన్నారు. ఆవిడ నా తోబుట్టువు దగ్గరికి వెళ్ళింది. 1812లో ఆయన పెళ్ళి. వరుడు ఇంటూ గుర్తు పెట్టాడు, వధువూ అంతే. సాక్షుల్లో ఒకడు మా చర్చి గుమాస్తా. ఆ రోజుల్లో దాదాపు ప్రతి పెళ్ళికీ సాక్షి అతనే, కాబట్టి ఆ సంతకంతో పని లేదు. రెండో సాక్షి ఇంటిపేరు వరుడిదీ కాదు, వధువుదీ కాదు. ఆ మూడో ఇంటిపేరు పట్టుకుని ఆవిడ మళ్ళీ నా దగ్గరికి వచ్చింది.

1789 ఫిబ్రవరి పుట. కింది నుంచి మూడో వరస. బిడ్డ పేరు ఆవిడ వెతుకుతున్నదే. పక్కన తండ్రి పేరు లేదు. తల్లి పేరు, ఆమె ఇంటిపేరు, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ అన్న మాట, చివర 'పి' అన్న ఒక్క అక్షరం. ఆ ఇంటిపేరు రెండో సాక్షిది. అతను ఆ తల్లికి తమ్ముడు, పెళ్ళికొడుక్కి మేనమామ.

ఆ 'పి' సంగతి చెప్పాలి. 1783లో పార్లమెంటు ఒక చట్టం చేసి, నాలో రాసే ప్రతి నమోదుకూ మూడు పెన్నీలు పన్ను వేసింది. కటిక పేదలకు మినహాయింపు. వాళ్ళ వరస చివర పాపర్ అన్న మాటకు గుర్తుగా 'పి' రాసేవారు. 1794లో ఆ పన్ను తీసేశారు. పన్ను కట్టలేక బాప్తిస్మాలే వాయిదా వేసుకున్న కుటుంబాలు ఎన్నో ఆ పదకొండేళ్ళలో ఉన్నాయి. ఈ తల్లి మాత్రం తన బిడ్డను చర్చికి తెచ్చింది. అందరి ముందూ పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ అన్న మాట రాయించుకుంటూనే తెచ్చింది.

మరి ఆయనకు ఆ వేరే ఇంటిపేరు ఎక్కడిది? దానికి జవాబు ఒకప్పుడు చర్చి చెక్కపెట్టెలో నాతో పాటు ఉన్న విడి కాగితాల్లో ఉంది. ఆ కాలంలో పేదల పోషణ పారిష్ బాధ్యత. ఊరివాళ్ళు పన్ను కడితే, ఓవర్సీర్లు దాన్ని పంచేవారు. 1662 చట్టం ప్రకారం ప్రతి మనిషికీ ఫలానా పారిష్ అని ఒక ఆధారం ఉండాలి. పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ ఎక్కడ పుడితే ఆ పారిష్ మీదే భారం. అందుకే నెలలు నిండిన ఆడవాళ్ళను సరిహద్దు దాటించిన పారిష్‌లూ ఉన్నాయి. తండ్రి ఎవరో తల్లి చేత ప్రమాణం చేయించి, అతని చేత పోషణ ఖర్చుకు పూచీ రాయించుకోవడం ఓవర్సీర్ల ఆనవాయితీ.

ఆ పూచీపత్రం ఆవిడ చేతికి వచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర మరక, అడుగున ఎర్ర లక్క ముద్ర. అచ్చువేసిన నమూనాలో ఖాళీలు వదిలి, ఆ ఖాళీల్లో చేత్తో పేర్లు నింపారు. తల్లి పేరున్న ఖాళీ తర్వాత తండ్రి పేరున్న ఖాళీ ఉంది. అతనిది పొరుగు పారిష్, వృత్తి నేత. అతని ఇంటిపేరే, ఆ తాతగారు పెద్దయ్యాక పెళ్ళిలో చెప్పుకున్న ఇంటిపేరు. ఊరందరికీ తెలిసిన సంగతే అయ్యుంటుంది. నాలో మాత్రం దానికి చోటు లేకపోయింది.

తర్వాత ఆవిడ తల్లి కోసం చదివింది. 1806 ఖననాల్లో ఆమె పేరు ఉంది, పక్కన 'పేదరాలు' అని. అప్పటికి కొడుక్కి పదిహేడేళ్ళు. ఆమె జీవితం మొత్తానికీ నాలో ఉన్నవి రెండే రెండు నమోదులు. ఓవర్సీర్ల ఖాతాలో మాత్రం వారం వారం ఆమెకిచ్చిన చిల్లర, ఒక శీతాకాలం కట్టెలకిచ్చిన డబ్బు, పిల్లాడి జోళ్ళ ఖర్చు ఉన్నాయి. ఖర్చు రాసుకోవడానికి పెట్టిన ఖాతాలోనే ఆ తల్లీకొడుకుల బతుకు మిగిలింది. ఆవిడ తన వంశవృక్షంలో ఆ తల్లి పేరు పూర్తిగా, తండ్రి పేరుకు ముందు రాసుకుంది.

నాలో బాప్తిస్మం ఉండి, ఖననం ఎక్కడా దొరకని కుర్రాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో కొందరు పని వెతుక్కుంటూ ట్రోబ్రిడ్జ్ ఉన్ని మిల్లులకో, లండన్‌కో పోయినవాళ్ళు. కొందరు ఈస్టిండియా కుంపిణీ సైన్యంలో చేరి ఓడెక్కినవాళ్ళు. 1809లో తమ అధికారులతో కలిసి తిరగబడిన కుంపిణీ మద్రాసు యూరోపియన్ రెజిమెంటు అప్పుడు మచిలీపట్నంలోనే ఉండేది. అలాంటి దండుల్లో ఇంగ్లండు పల్లెల కూలీల బిడ్డలు ఎందరో. మద్రాసు ప్రెసిడెన్సీలోని చర్చి గురువులు తాము జరిపిన బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ, ఖననాల నకళ్ళు లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. విల్ట్‌షైర్‌లో తప్పిపోయినవాడు తెలుగు గడ్డ మీద సమాధిలో దొరికే అవకాశం నిజంగానే ఉంది.

1813 నుంచి జార్జ్ రోజ్ తెచ్చిన చట్టం ప్రకారం అచ్చు గళ్ళున్న పుస్తకాలు వచ్చాయి. పుటకు ఎనిమిది నమోదులు, తండ్రి వృత్తికి ఒక గడి, ఊరికి ఒక గడి. నా పని అక్కడితో ఆగింది. ఇప్పుడు నా పేర్లన్నీ సూచికలకెక్కి కంప్యూటరులో క్షణంలో దొరుకుతున్నాయి. సూచిక రాసినవాళ్ళు నా పాత దస్తూరీని చదవలేక ఒక అక్షరాన్ని ఇంకొకటిగా రాసిన చోట్లు ఉంటాయి. అందుకే సూచికలో లేదన్నంత మాత్రాన నాలో లేదని అనుకోకండి, పుట ఫోటో తెరిచి చూడండి.

ఇంటిపేరు దొరకలేదని పుస్తకం మూయకండి. తల్లి ఇంటిపేరుతో చదవండి, సాక్షి సంతకం చదవండి, పేదల ఖాతా చదవండి. దొరికాడనుకున్న పిల్లాడు బతికి పెద్దవాడయ్యాడో లేదో ఖననాల్లో చూడండి. రాజ్యం తన లెక్క కోసం, చర్చి తన నియమం కోసం నన్ను రాయించాయి. నాలో ఉన్న మనుషుల కోసం నన్ను చదివేది వాళ్ళ మునిమనవలే. మీరు తొందరపడి తప్పు పేరు రాసుకుంటే, అసలు మనిషిని ఇంకెవరూ వెతకరు.