పదమూడు నిమిషాల బెంగుళూరు

మా ఊరు క్యాతగానచెర్లులో విమానాలకేం కొదవ లేదు. అన్నీ నెత్తిమీదుగానే పోతాయి. దిగేదే ఒక్కటీ లేదు.

మా పావగడ తాలూకా తంతే వేరు. రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు, మూడు దిక్కులా ఆంధ్ర. మాకు అందుబాటులో ఉన్న విమానాశ్రయాలు రెండు. ఒకటి పుట్టపర్తి, 1990లో సత్యసాయి భక్తుల కోసం కట్టింది. రెండోది 2008లో తెరిచిన దేవనహళ్ళి, అంటే బెంగుళూరు విమానాశ్రయం. రెంటి నడుమ ఆకాశంలో గీత గీస్తే సుమారు 106 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్లు పోయే ఏటీఆర్ రకం చిన్న విమానానికి అది పదమూడు నిమిషాల పని. లేవడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలుపుకోమంటుంది మా మేనల్లుడి ఫోను. దూరాన్ని నాటికల్ మైళ్ళలో కూడా చెబుతుంది. చెరువులే నిండని తాలూకాకు ఓడలవాళ్ళ కొలత! అన్నీ చెప్పి, ఆ దారిలో టికెట్టు కొని ఎక్కే విమానమే లేదన్న సంగతి మాత్రం చెప్పదు.

"మామా, ముప్పావు గంటలో బెంగుళూరు!" అన్నాడు వాడు.

"సరేప్పా. పుట్టపర్తికి ఎట్ల పోవాల?"

"పెనుకొండ మీదుగా."

"పెనుకొండలో హైవే ఎక్కితే నేరుగా దేవనహళ్ళికే పోతాం గదరా. ఇంక విమానమెందుకు?"

వాడు ఫోను ఛార్జింగుకు పెట్టి లోపలికి పోయినాడు.

నిజంగా ఎగిరిన చిన్న దారులు లేకపోలేదు. చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన వాటిలో కడప-హైదరాబాద్ ఒకటి. ఆకాశం లెక్కన 300 కిలోమీటర్ల చిల్లర. గంట ప్రయాణానికి సగం సీట్ల ధర రూ.2,500 దాటకూడదని అప్పట్లో నియమం పెట్టారు. ఈ మాట చెవిన పడగానే మా అరుగు మీద లెక్కలు లేచాయి. మా పావగడ సోలార్ పార్కుకు భూములు ఎకరా ఏడాదికి రూ.21,000 చొప్పున కౌలుకిచ్చిన వాళ్ళం కదా! ఎకరాకు ఎనిమిది టికెట్లు, పైన వెయ్యి మిగులు. ఆ వెయ్యి ఎయిర్‌పోర్టులో ఎనిమిది మంది కాఫీకి చాలుతుందా అన్నచోట చర్చ తెగలేదు.

మేనల్లుడు ఊరుకోలేదు. బెంగుళూరు నుంచి ఉత్తరానికి పోయే విమానంలో కూర్చుంటే మన పార్కు అగుపిస్తుందని మా పెద్దమ్మను ఊరించాడు. 13,000 ఎకరాల్లో పలకలు, 2,050 మెగావాట్లు; పైనుంచి చూస్తే నిండు చెరువులా ఉంటుందట.

"నా చేను కూడా అగుపిస్తుందా?"

"కిటికీ సీటు తీసుకుంటే అగుపిస్తుందవ్వా. దానికి వేరే దుడ్డు కట్టాల."

"నా చేను నేను చూసుకునేదానికి నేనే దుడ్డు కట్టాల్నా?" అని పెద్దమ్మ చీపురు అందుకుంది.