ఐదేళ్ళ పద్యానికి టీక

మూలం (ఆటవెలది)

ఐదు వత్సరములె యధికార పీఠమ్ము
రద్దు కాకయున్న రాజు వోలె;
మరల మరల వచ్చు మనవాడె గెల్చినన్
లెక్క లేదు దానికెక్కడైన.

అవతారిక: అనంతపురం జిల్లా ఓటరొకడు ఎండిన శనక్కాయ చేని గట్టున కూర్చుని శాసనసభ్యుని పదవీకాలాన్ని గురించి చెప్పుకున్న పద్యమిది.

ఐదు వత్సరములె: రాజ్యాంగం 172వ అధికరణం ఇచ్చిన గడువు. సభ తొలిసారి కూడే నాటి నుంచి లెక్క, ఓటేసిన నాటి నుంచి కాదు. ఆ ఏకారాన్ని నమ్ముకోరాదు. ఎమర్జెన్సీలో, 1976లో, 42వ సవరణ ఐదును ఆరు చేసింది. 1972లో మన శాసనసభకు గెలిచినవారు మళ్ళీ ఓటడగడానికి 1978లోగానీ రాలేదు. అడగకుండానే అదనపు ఏడాది! ఆరును తిరిగి ఐదు చేసిన 44వ సవరణకు 1979 ఏప్రిల్‌లో సంతకం పెట్టిన రాష్ట్రపతి మన జిల్లా ఇల్లూరికి చెందిన నీలం సంజీవరెడ్డిగారే. కరువు సీమవారికి కోత కొత్తా అని కొందరి చమత్కారం. రాష్ట్రపతి సంతకం మంత్రివర్గం సలహా మీద పడేదని వారు మరిచారు.

రద్దు కాకయున్న: 1984లో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారు సభను రద్దు చేయించి 1985లో గెలిచారు. 2003లో చంద్రబాబుగారూ అదే చేసి 2004లో ఓడారు. కనుక ఫలం అనిశ్చితం. 2024 డిసెంబరులో లోక్‌సభ ముందుకొచ్చిన 129వ సవరణ బిల్లు ప్రకారమైతే, నడుమ ఎన్నికైన సభకు మిగులు కాలమే దక్కుతుంది. అదును దాటాక విత్తిన శనక్కాయ అన్నమాట; ఊడలు దిగేలోగా వాన వెళ్ళిపోతుంది.

రాజు వోలె: సుగమం.

పూర్వపక్షం: ఐదేళ్ళు చాలవు. హంద్రీ-నీవా సాగునీటి పథకానికి శంకుస్థాపన జరిగిన నాటి సభ వేరు, జీడిపల్లి జలాశయానికి నీళ్ళు చేరిన నాటి సభ వేరు కదా? సమాధానం: ఆరేళ్ళిచ్చినా వేరే అయ్యేది.

ఎక్కడైన: అతిశయోక్తి. కాలిఫోర్నియాలో శాసనసభ్యుడు మొత్తం 12 ఏళ్ళకు మించి కూర్చోరాదు. మనకైతే ఆ గీత లేదు. గీసినా, అది మనిషిని లెక్కిస్తుంది, ఇంటిని కాదు. హిందూపురం చూడండి: 1985, 1989, 1994లో రామారావుగారు, 1996 ఉపఎన్నికలో ఆయన కుమారుడు హరికృష్ణగారు, 2014 నుంచి వరుసగా మూడుసార్లు మరో కుమారుడు బాలకృష్ణగారు. గెలిపించింది ఓటర్లే, తప్పు పట్టడానికి వీల్లేదు.

పాఠాంతరం: 'మనవాడె' అన్నచోట 'మనయిల్లె' అని కొన్ని ప్రతులు. గణం చెడదు, యతి చెడదు.