పన్నెండో డిమాండు

కుందుర్పిలో వాన ఎప్పుడు పడుతుందో చెప్పడం కష్టం గానీ, మేడే సభలో సమాన వేతనం ఎప్పుడొస్తుందో చెప్పడం తేలిక. పన్నెండో డిమాండు దగ్గరొస్తుంది. అప్పటికి నాయకుడికి గొంతు పోయి ఉంటుంది, ఆడవాళ్లకు బస్సు టైమై ఉంటుంది. పదకొండో డిమాండు వరకూ పిడికిళ్లు లేస్తాయి. పన్నెండోదానికి జనం లేస్తారు.

పొరపాటు పడకండి, మా సభల్లో ఆడవాళ్లకు ఏ లోటూ లేదు. ఊరేగింపులో ముందు వరుస వాళ్లదే. జెండా వాళ్లదే. లెక్కకు తలకాయలూ వాళ్లవే. మైకు ఒక్కటే బరువని అన్నలు మోస్తుంటారు.

సమాన పనికి సమాన వేతనమని రాజ్యాంగం 39వ అధికరణంలో ఉంది. 1976లో చట్టమూ చేశారు. ఆ కబురు సెనక్కాయ చేను దాకా ఇంకా రాలేదు. గట్టు మీద ఆడకూలి వేరు, మొగకూలి వేరు. ఎందుకప్పా అంటే, మొగోళ్లది బరువు పని అంటారు. నిజమే, మూటెత్తడం బరువు. పొద్దంతా నడుము వంచి కలుపు తీయడం, పాపం, వ్యాయామం.

మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది. అందరికీ ఒకే రేటు. మట్టిని కొలిచారు గానీ, తవ్వినవాళ్లు చీర కట్టారా, పంచె కట్టారా అని చూడలేదు. ఆ పుణ్యం ఉపన్యాసానిది కాదు, టేపుది.

ఇక అంగన్‌వాడీలు. వాళ్లకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతా సమ్మెకు దిగేనాటికి టీచరమ్మ గౌరవం నెలకు 11,500 రూపాయలు, ఆయమ్మ గౌరవం 7,000. ఇద్దరి గౌరవం కలిపినా ఒక సర్కారు గుమస్తా అగౌరవానికి సరిపోదు. జీతం పెంచండయ్యా అంటే, మీరు ఉద్యోగులు కాదమ్మా, సేవకులు అన్నారు. సరే, సేవ ఆపుతాం అంటే, 2024 జనవరి 6న ఎస్మా తెచ్చి, మీది అత్యవసర సేవ అన్నారు. అడిగినప్పుడు ఐచ్ఛికం, ఆపినప్పుడు అత్యవసరం! అయినా 42 రోజులు కదల్లేదు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ ఒక్క తాటి మీద నిలబడ్డాయి, కాదనను. కూర్చున్నది ఆడవాళ్లే కాబట్టి అక్కడ జీతం పన్నెండోది కాలేదు. మగవాళ్లూ ఆడవాళ్లూ కలిసి కూర్చునే చోటే ఎందుకో అంకెలు దిగజారతాయి.

మొన్న మేడే సభలో, జెండా కర్ర పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పెట్టిన ఒక కూలీ అక్క లేచింది.

"అన్నా, ఈసారి ఆ కాగితం కిందనుంచి పైకి చదవకూడదా?"

అందరూ నవ్వారు. అన్న మాత్రం నవ్వలేదు. మంచి సూచన అక్కా అని జేబులోంచి పెన్ను తీసి, అప్పటికప్పుడే రాసుకున్నాడు.

పదమూడోదిగా.