వంద వాట్ల వారికి విన్నపం

మహారాజశ్రీ అట్టపెట్టెల మీద అక్షరాలు అచ్చు వేయించే ప్రధానాధికారి గారి దివ్య సముఖమునకు,

విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద రెండు లేత్ మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకుని బతుకుతున్న ఒకడు అనేక నమస్కారాలు చేసి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎక్కడున్నదీ తెలియదు గానీ అక్కడా క్షేమమే అని తలుస్తాను. 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం తయారుచేసినవారి పేరూ చిరునామా పెట్టె మీద ఉండాలి. మీ పెట్టెను నాలుగు వైపులా తిప్పి చూశాను, మూత లోపల కూడా వెతికాను, దొరకలేదు. కవరు మీద ఏం రాయాలో తెలియకే ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

తమ శాఖ విడుదల చేసిన ఎల్ఈడీ ఫ్లడ్ లైటు ఒకటి గత నెల కొన్నాను. పెట్టె మీద '100 వాట్లు' అని ఉంది, 'ఇండస్ట్రియల్ గ్రేడ్' అని ఉంది, 'ఐపీ 65' అని ఉంది. ఎంఆర్‌పీ 2,499. కొట్టువాడు 700 అన్నాడు. నేను బేరానికి నోరు తెరిచేలోపే తనంతట తనే 650కి దిగాడు. అనుమానం అప్పుడే రావాల్సింది, రాలేదు. తప్పు నాదే.

మొదట పట్టుకున్నది మా టర్నర్ బాబాయ్. ముప్పై ఏళ్లుగా లేత్ మీద పని ముక్కను పట్టుకుని తిరిగే చక్కు ముందు నిలబడ్డ మనిషి. లైటు బిగించిన రెండో రోజు సాయంత్రం మిషన్ ఆపి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ స్టార్ట్ చేసి, "అబ్బాయ్, త్రీ జా చక్కుకి ఆరు దవడలు కనపడుతున్నాయేంటి? షుగరు కళ్లలోకి దిగిందంటావా?" అన్నాడు. వెళ్లి చూశాను. నిజంగానే ఆరు. అవీ తిరగడం లేదు. తీరిగ్గా, చాలా మెల్లగా వెనక్కి నడుస్తున్నాయి.

బాబాయ్ కళ్లకు ఏమీ కాలేదండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, ఆ ఊపుల మధ్య వెలుగు నిలబెట్టే సరంజామా లోపల లేకపోతే ఎల్ఈడీ సెకనుకు వంద సార్లు వెలిగి ఆరుతుంది. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే చక్కు, ఒక మెరుపుకూ తర్వాతి మెరుపుకూ మధ్య సరిగ్గా 60 డిగ్రీలు తిరుగుతుంది. మూడు దవడలూ ఒక మెరుపులో ఒకచోట, ఇంకో మెరుపులో వాటి సందుల్లో కనపడతాయి. కంటికి ఆరు దవడలు నిలబడి ఉన్నట్టే. మా మోటారు వెయ్యికి ఓ నాలుగు చుట్లు తక్కువ తిప్పుతుంది కాబట్టి ఆ నడక వెనక్కి. చూడ్డానికి సరదాగానే ఉంటుంది, ఆగిపోయిందనుకుని ఎవడైనా చెయ్యి పెట్టేదాకా. ట్యూబులైట్ల కాలంలో మా పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. మిషన్ల మీది ట్యూబులను మూడు ఫేజులకూ పంచి కలిపేవాళ్లు, ఒకటి మసకబారే క్షణానికి ఇంకొకటి వెలుగుతూ ఉండేది. తమరు 'ఇండస్ట్రియల్' అని అచ్చు వేయించేటప్పుడు ఇండస్ట్రీలో చక్రాలు తిరుగుతాయన్న సంగతి ఎవరూ విన్నవించుకోలేదు కాబోలు.

మర్నాడు లైటు దించమని మా కుర్రాణ్ని నిచ్చెనెక్కించాను. స్విచ్చి ఆపకుండానే ఎక్కాడు, అది వాడి తప్పు. బాడీ మీద చెయ్యి వేసి, "అన్నా, చుర్రుమంటోంది" అని అరిచాడు, అది మాత్రం తమది. ఆదివారం మధ్యాహ్నం బెంచీ మీద పాత పేపరు పరిచి విప్పడం మొదలుపెట్టాను.

ముందు మంచి చెప్పాలి. అద్దం దళసరిది. చుట్టూ రబ్బరు పట్టీ ఎక్కడా తెగకుండా ఒకే ముక్కగా ఉంది. సోల్డరింగు మిషన్ మీద చేసినది, వంక పెట్టడానికి లేదు. అంటే పని తెలిసినవాళ్లే చేశారు. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే.

లోపల కరెంటును చిప్పులకు తగ్గట్టు మార్చే డ్రైవర్ డబ్బా ఏదీ లేదు. అల్యూమినియం పలక మీదే చిప్పులు, పక్కనే వేలి గోరంత ఐసీలు నాలుగు. డీవోబీ (డ్రైవర్ ఆన్ బోర్డ్) అంటారు దీన్ని. చవక లైట్లలో అదేమీ నేరం కాదు, కానీ కాయిలూ కెపాసిటరూ లేని ఈ పద్ధతిలోనే బాబాయ్ ఆరు దవడలు పుడతాయి. పైగా లైట్లోకొచ్చే 230 వోల్టులకూ బాడీకీ మధ్య అడ్డు ఆ పలక మీది పూత ఒక్కటే, వెంట్రుక మందమంత. చిప్పులు లెక్కపెట్టాను. వరసకు పద్నాలుగు చొప్పున మూడు వరసలు, మొత్తం 42. ఒక్కోటి వాటు చిప్పు. వందలో మిగతా 58 ఎక్కడున్నాయో పెట్టె అడుగున కూడా చూశాను.

అయినా అనుమానం మీద తీర్పు చెప్పకూడదని ఇంటికి తీసుకెళ్లి మీటరుకే అప్పగించాను. మా ఇంటి మీటరు మీద యూనిట్‌కు 3,200 మినుకులని రాసి ఉంటుంది. ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపేసి ఈ లైటు ఒక్కటే వేస్తే, నిజంగా వంద వాట్లయితే ఆరు నిమిషాల్లో ఎర్ర చుక్క 32 సార్లు మినుకుమనాలి. మా ఆవిడ గడియారం చూసింది, నేను లెక్కపెట్టాను. పదమూడు. అంటే నలభై వాట్లు. "ఇంకో ఆరు నిమిషాలు చూద్దామా?" అన్నాను. "పాలు విరిగిపోతాయి, ఫ్రిజ్జు వెయ్యండి" అంది.

పలక మీద 'ఎఫ్1' అని అచ్చు వేసిన చోట ఫ్యూజు ఉండాలి. దాని బదులు తీగముక్క అతికించారు. 'ఆర్‌వి1' అన్నచోట వోల్టేజి పోటును అడ్డుకునే ఎంఓవీ ఉండాలి. అక్కడ రెండు ఖాళీ చుక్కలు, పెళ్లిపందిట్లో రాని చుట్టం కోసం వేసిన కుర్చీలా. మా వైపు గాలివానకు న్యూట్రల్ తెగితే 230 కాస్తా 400 దాకా ఎక్కుతుంది. అప్పుడు ఎంఓవీ తాను పోయి, ఫ్యూజును కూడా తీసుకుపోయి, మిగతా లైటును బతికిస్తుంది. డిజైన్ చేసినవాడికి ఇది తెలుసు, అందుకే చోటు వదిలాడు. తర్వాత ఎవరో పెన్సిలు పట్టుకుని కూర్చుని ఆ రెండిటినీ కొట్టేశారు.

వేడి సంగతి మరీ అన్యాయం. పలకకూ వెనక బాడీకీ మధ్య పేస్టు పలచగా అంతటా పరవాలి. మధ్యలో ఒక్క బొట్టు పెట్టి వదిలేశారు, పేరంటాలి నుదుటి మీద పెట్టినట్టు. నాలుగు మూలలకు స్క్రూ రంధ్రాలున్నాయి, రెండిటికే స్క్రూలు వేశారు. మిగతా రెండు మూలల కిందికి విజిటింగ్ కార్డు సులువుగా దూరింది. రోహిణి కార్తెలో మా రేకుల కింద మనుషులే వాడిపోతారు. వేడి బయటికి పోయే దారిలేని చిప్పు ఎన్నాళ్లుంటుంది? పద్నాలుగులో ఒకటి తెగితే ఆ వరసంతా చీకటే.

ఐపీ 65 అంటే దుమ్ము చొరబడకూడదు, 6.3 మిల్లీమీటర్ల మూతి నుంచి నిమిషానికి పన్నెండున్నర లీటర్ల నీళ్లు ఎటునుంచి కొట్టినా లోపలికి హాని జరగకూడదు. వైరు వచ్చే బెజ్జానికి గ్లాండు లేదు, చూయింగ్ గమ్ లాంటి ముద్ద ఒకటి అంటించారు. వైరు కొంచెం లాగితే ముద్ద కూడా వచ్చింది. పెట్టె మీద ఐఎస్ఓ 9001 అని కూడా ఉంది. అది కంపెనీ పని నడిపే పద్ధతికి ఇచ్చేది, లైటుకు కాదు. లైటుకు ఉండాల్సింది ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్ వారి 'ఆర్' నంబరు, ఎనిమిదంకెలది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూద్దామనుకున్నాను. కొట్టడానికి నంబరే లేదు.

ఇక కుర్రాడికి చుర్రుమని షాకు కొట్టిన కథ. ఆకుపచ్చ ఎర్త్ వైరు ఉంది. దాని కొసన లగ్గు ఉంది. లగ్గును బాడీకి స్క్రూతో గట్టిగానే బిగించారు. మల్టీమీటరు పెడితే కూత లేదు. ఎందుకా అని చూస్తే, లగ్గు కూర్చున్నది పౌడర్ కోటింగ్ మీద! రంగు మీద ఎర్తింగు! బ్లేడుతో పావలా బిళ్లంత మేర గీకి మళ్లీ బిగించాను. మీటరు కుయ్‌మంది. పట్టిన కాలం పది సెకన్లు.

అయ్యా, నా ఫిర్యాదు చవకదనం మీద కాదు. 650 రూపాయలకు ఫ్యూజు వేయలేదంటే అర్థం చేసుకుంటాను, పేస్టు మిగుల్చుకున్నారన్నా సరేననుకుంటాను. రంగు గీకడానికి ఎంత ఖర్చండి? వందకు బదులు నలభై అని అచ్చు వేస్తే ఒక అంకె తగ్గేది, తమకు ఇంకు కూడా కలిసొచ్చేది. నలభై వాట్లకు 650 అంటే నేను బేరానికి నోరు కూడా తెరిచేవాణ్ని కాదు.

ప్రస్తుతానికి ఫ్యూజూ ఎంఓవీ కొని అతికించాను, పేస్టు పరిచాను, మిగతా స్క్రూలు వేశాను. మార్కరుతో '40' అని రాసి మిషన్లకు దూరంగా ఇనుప సామాను మూల వేలాడదీశాను. లేత్ మీదికి బాబాయ్ పాత బల్బు హోల్డరు మళ్లీ తగిలించుకున్నాడు. ఇప్పుడు దవడలు మూడే.

ఇట్లు,
తమ విధేయుడు,
లేత్ షాపువాడు

తా.క.: ఎర్త్ వైరు ఫొటో చూపిద్దామని కొట్టుకు వెళ్లాను. "విప్పేశారుగా సార్, ఇక వారంటీ ఉండదు" అన్నాడు. నిజమే, ఒక స్క్రూ తల మీద ఆ మాట చెప్పే చిన్న స్టిక్కరు ఉండేది. అది ఊడదీయడానికి నాకు కిరసనాయిలు, గుడ్డ, పావుగంట పట్టింది. ఆ లైటు మొత్తంలో అంత గట్టిగా అంటించినది ఇంకోటి లేదు.