నోటీసుతో నయమగును

వైద్యశాస్త్ర చరిత్ర రాసేవారు 2025 ఆగస్టు నెలకు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించక తప్పదు. దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన ఒక కొలిక్కి వచ్చిందనీ, వైకల్యం శాతం తగ్గింది కనుక పింఛను ఆగుతుందనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సచివాలయ సిబ్బంది చేత ఊరూరా నోటీసులు పంచిపెట్టించిన ఆ నెలలో, రాష్ట్రంలో వేల మంది ఒక్కసారిగా కోలుకున్నారు. కోలుకున్నవారిలో తల్లి తినిపిస్తే తప్ప తినలేని పిల్లలు కూడా ఉన్నారు. వీరిలో ఎవరికీ శస్త్రచికిత్స జరగలేదు, ఎవరూ కొత్త మాత్ర మింగలేదు, తమకు నయమైందన్న సంగతి చాలామందికి నోటీసు చదివించుకున్నాక గానీ తెలియలేదు.

మందూ మాకూ లేకుండా కేవలం ఒక కాగితంతో వైకల్యాన్ని తగ్గించే ఈ విధానానికి గ్రంథాల్లో ఇంకా పేరు పెట్టలేదు కనుక ప్రస్తుతానికి దీనిని శాతవైద్యం అని వ్యవహరించవచ్చు. దీని మూలసూత్రం తేలికైనది. మామూలు వైద్యం మనిషిని బాగుచేస్తే ఆ తర్వాత రిపోర్టు మారుతుంది. శాతవైద్యం రిపోర్టును బాగుచేసి, మనిషి సంగతి మనిషికే వదిలేస్తుంది.

శాతం అనే భావన చట్టంలో నుంచే వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, అందులో 40 శాతానికి తగ్గనిదాన్ని ప్రామాణిక వైకల్యంగా, అంటే రిజర్వేషన్లకూ పథకాలకూ అర్హత తేల్చే కనీస గీతగా, నిర్ణయించింది. ఆ శాతాన్ని కొలిచే పని తెలుగు రాష్ట్రాల్లో సదరం శిబిరాలది. ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేతిలో ఉంటేనే పింఛను. ఎన్టీఆర్ భరోసా కింద ఈ గీత దాటినవారికి నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయలు ఇస్తారు. దీన్నిబట్టి 40 నుంచి 39కి దించే ఒక్క శాతం చికిత్స ఏడాదికి 72,000 రూపాయల స్వస్థతను ప్రసాదిస్తుందనీ, ఆ స్వస్థత బిడ్డకు కాక ఖజానాకు చేకూరుతుందనీ తేలికగానే గ్రహించవచ్చు. మందు ఒకరికి వేస్తే గుణం ఇంకొకరికి కనిపించడం మరే వైద్యంలోనూ లేని విశేషం.

చికిత్సా క్రమంలో మొదటి మెట్టు స్లాట్. 15,000 రూపాయల పింఛను తీసుకునేవారి ఇళ్లకు డాక్టర్ల బృందాలే వెళ్లిన మాట నిజమే గానీ, 6,000 రూపాయలవారు ఏ తేదీ చెబితే ఆ తేదీకి ఆసుపత్రికి రావలసిందే. నడవలేని పదహారేళ్ల కుర్రవాణ్ని తండ్రి ఆ రోజు కూలి మానుకుని భుజాన వేసుకోవాలి, ఆటోలోకి ఎక్కించాలి, దించాలి, వరండాలో బెంచీ దొరకకపోతే గోడకు ఆనించి కూర్చోబెట్టాలి. రెండో మెట్టు వేలిముద్ర. శిబిరంలో గుర్తింపుకైనా, నెల నెలా ఒకటో తేదీన పింఛనుకైనా సాధారణంగా ఈ పరీక్ష ఎదురవుతుంది. మస్తిష్క పక్షవాతం అనేది కాన్పు సమయంలోనో, దానికి కాస్త ముందో వెనుకో మెదడుకు జరిగిన నష్టం వల్ల కండరాలు బిగుసుకుపోయి అదుపు తప్పే స్థితి. అది ఉన్న పిల్లల్లో చాలామందికి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మిగిలిన వేళ్లు దాని మీద పిడికిలిగా మూసుకుంటాయి. ఆ వేలిని యంత్రం మీదికి తేవడానికి తల్లి ముందు బిడ్డ మణికట్టును మెల్లగా లోపలికి వంచుతుంది, బిగువు కొంచెం సడలగానే చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే విప్పుతుంది, అరచేతి చెమటను కొంగుతో తుడుస్తుంది, బొటనవేలిని అద్దం మీద ఆనించబోయేసరికి పక్కన ఎవరో గట్టిగా పేరు పిలుస్తారు, బిడ్డ ఉలిక్కిపడుతుంది, పిడికిలి మళ్లీ మూసుకుంటుంది. తల్లి మళ్లీ మణికట్టు దగ్గర మొదలుపెడుతుంది. ఇక మూడో మెట్టయిన డాక్టరు బల్ల దగ్గర ఇంత ఆలస్యం ఉండదు. వరుస పొడుగ్గా ఉంటుంది కనుక అక్కడ చికిత్స చకచకా పూర్తవుతుంది.

పాశ్చాత్య వైద్యం ఎంత వెనుకబడి ఉందో తెలియాలంటే ఇక్కడి ఫలితాలతో పోల్చి చూడాలి. మస్తిష్క పక్షవాతంలో మెదడుకు ఒకసారి జరిగిన నష్టాన్ని పూడ్చే మందు ఇంతవరకూ ఎక్కడా లేదు. ఫిజియోథెరపీ, మాట నేర్పే స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ కలిసి బిడ్డకు కొన్ని సామర్థ్యాలు అలవరచగలవే తప్ప ఆ స్థితిని తీసేయలేవు. డుషెన్ కండర క్షీణత మరీ మొండిది. జన్యులోపం వల్ల కండరాలు ఏటికేడాది నశించిపోయే ఈ వ్యాధిలో మగపిల్లలకు పది, పన్నెండేళ్లు వచ్చేసరికి సాధారణంగా నడక ఆగిపోతుంది, ఆ తర్వాత ఊపిరికి పనికివచ్చే కండరాల వంతు వస్తుంది. అంటే ఈ పిల్లల విషయంలో సర్టిఫికెట్ మీది అంకె ఏళ్లు గడిచేకొద్దీ పెరగాలే గానీ తగ్గడానికి ప్రకృతిలో దారి లేదు. ప్రకృతికి చేతకానిది జిల్లా స్థాయిలో ఎక్కడైనా సాధ్యమైతే, ఆ బల్లనూ కుర్చీనీ భద్రంగా మ్యూజియానికి తరలించవలసి ఉంటుంది.

మోతాదు విషయంలోనూ పరిశోధన జరిగింది. మేధో వైకల్యం, అంటే నేర్చుకోవడంలోనూ నిత్యజీవిత వ్యవహారాల్లోనూ వయసుకు తగిన ఎదుగుదల లేకపోవడం, ఉన్న పిల్లలకు 5, 10, 18 ఏళ్ల వయసుల్లో సర్టిఫికెట్ తిరగరాయించుకోవాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎదిగే వయసులో అంచనా మారవచ్చునన్న ఉద్దేశం సమంజసమైనదే. అయితే మూడు డోసులతో ఆపడం శాతవైద్యులకు నచ్చలేదు కాబోలు, పద్దెనిమిది దాటి శాశ్వత సర్టిఫికెట్ పొందినవారిని కూడా మళ్లీ బల్ల ముందుకు పిలిపించారు. ఇది చాలదన్నట్టు 2024 అక్టోబరులో నిబంధనలు సవరించి, గుర్తింపు కార్డులు 40 శాతం లోపు వారికి తెల్లవీ, 40 నుంచి 80 లోపు వారికి పసుపువీ, 80, ఆపైన ఉన్నవారికి నీలంవీ ఇవ్వాలన్నారు గనుక, ఇకముందు రోగి ఎంత మేర కోలుకున్నాడో జేబులో రంగు చూసి చెప్పేయవచ్చు. నీలం కార్డు వచ్చినవారి కోసం కేంద్రం తన వంతుగా 18 ఏళ్లు నిండి, 80 శాతం వైకల్యం ఉన్న పేదలకు నెలకు 300 రూపాయలు ఇస్తోంది. 2012లో కూడా అది 300 రూపాయలే. శాతాలు దిగిపోతున్న ఈ కాలంలో కదలకుండా నిలిచిన అంకె అదొక్కటే.

ఇంతటి విజ్ఞానాన్ని ఒక్క రాష్ట్రానికే పరిమితం చేయడం న్యాయం కాదు. గన్నవరం విమానాశ్రయంలో ప్రత్యేక కౌంటర్ తెరిచి, అమెరికాలోనూ జర్మనీలోనూ ఏళ్ల తరబడి మంచాన ఉన్న రోగులను రప్పిస్తే, ఒక స్లాటు, ఒక వేలిముద్ర, ఒక నోటీసుతో సాయంత్రం విమానానికి తిప్పి పంపవచ్చు. వారు వెళ్లేటప్పుడు కూడా చక్రాల కుర్చీలోనే వెళ్తారు గానీ, అది అలవాటు కొద్దీ మాత్రమే. వైద్య విద్యార్థులకు ఐదున్నరేళ్ల చదువు దండగ. శరీర నిర్మాణ శాస్త్రం స్థానంలో తీసివేత లెక్కలు పెట్టి, హౌస్ సర్జన్లను ఆర్నెల్లు ఎంపీడీవో కార్యాలయంలో టపా విభాగంలో కూర్చోబెడితే చాలు. నోబెల్ కమిటీకి కొంత ఇబ్బంది ఉండవచ్చు, ఈ బహుమతి వైద్యశాస్త్రం కింద ఇవ్వాలా అర్థశాస్త్రం కింద ఇవ్వాలా అన్నది అంత తేలికగా తేలేది కాదు.

దుష్ఫలితాల గురించి కూడా చెప్పుకోవాలి. నయమైన పిల్లలు తమకు నయమైనట్టు ప్రవర్తించకపోవడం వీటిలో ముఖ్యమైనది. నోటీసు అందిన మర్నాడు కూడా వారు లేచి నడవలేదు, చెంచా పట్టలేదు, బడికి పోతామని మారాం చేయలేదు. దీనికి విరుగుడుగా అప్పీలు అనే రెండో డోసు ఏర్పాటైంది. రోడ్ల మీదికి వచ్చిన కుటుంబాలను చూసి, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపబోమని కూడా ప్రభుత్వం ప్రకటించింది. ఈ ఏర్పాటులో శాస్త్రీయమైన పట్టు ఒకటుంది. అప్పీలు కాగితం పట్టుకుని మండల కార్యాలయం దాకా వెళ్లగలిగినవారు నయమైనట్టే లెక్క; వెళ్లలేకపోయినవారు అప్పీలు చేసుకోలేదు కనుక, వారికి ఫిర్యాదేమీ లేదు కనుక, వారూ నయమైనట్టే లెక్క.

అనర్హులు లేరని ఎవరూ అనరు. చెవులు చక్కగా వినిపించే చెవిటివారూ, పొలం దున్నే కుంటివారూ జాబితాలో ఉన్న సంగతి ప్రతి ఊరికీ తెలుసు, వారి పింఛను ఆపితే ఊరు సంతోషిస్తుంది. కానీ దొంగ సర్టిఫికెట్ పింఛనుదారు ఇంట్లో పుట్టదు. అది ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వ డాక్టరు సంతకంతో, ప్రభుత్వ కంప్యూటరులో నుంచి, దళారీ చేతిలో పడిన డబ్బుకు బదులుగా పుడుతుంది. ఆ కంప్యూటరులో ఏ శిబిరంలో, ఏ తేదీన, ఎవరి సంతకంతో ఎన్ని సర్టిఫికెట్లు వెలువడ్డాయో అంతా ఉంటుంది. దాన్ని తెరవడానికి ఏ బిడ్డనూ భుజాన మోసుకు రానక్కరలేదు. అయినా నేరం జరిగిన చోటును వదిలి, అక్కడ వరుసలో నిలబడినవారందరినీ అనుమానితులుగా పిలిచారు. కొన్ని వేల మంది దొంగలను పట్టుకోలేక కొన్ని లక్షల మందిని, నిజంగానే కదలలేని పిల్లలతో సహా, మళ్లీ పిడికిలి విప్పి నిరూపించుకోమన్నారు. దీనిని పరిశీలన అనడం సిగ్గుచేటు.

సిగ్గుపడవలసినది ఇంకొకటి ఉంది. రాష్ట్రంలో ఇన్ని లక్షల దివ్యాంగ కుటుంబాలు ఒక్కొక్కటిగా వచ్చి డాక్టరు ఎదుట కూర్చునే సందర్భం ఏ ప్రభుత్వానికీ సులువుగా దొరకదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి నిరామయ అనే ఆరోగ్య బీమా ఉందనీ, ముందస్తు వైద్య పరీక్షలేవీ లేకుండా ఏడాదికి లక్ష రూపాయల వరకూ, థెరపీ ఖర్చులతో సహా, అది భరిస్తుందనీ ఆ బల్ల దగ్గర తల్లికి చెప్పవచ్చు. బిడ్డకు 18 నిండిన రోజున, తన వ్యవహారాలు తాను చూసుకోలేని స్థితిలో ఉన్నా, చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం ముగిసిపోతుందనీ, జిల్లా కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుని ఆ హక్కు మళ్లీ పొందాలనీ చెప్పవచ్చు. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో, జిల్లా ఆసుపత్రిలో పసివయసులోనే లోపాలను గుర్తించి థెరపీ చేసే సత్వర చికిత్సా కేంద్రం ఏ గదిలో ఉందో, 1984 నుంచి మేధో వైకల్యం మీదనే పనిచేస్తున్న జాతీయ సంస్థ సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఏం నేర్పుతుందో ఒక కాగితం మీద రాసి చేతిలో పెట్టవచ్చు. బిడ్డను ఇన్నాళ్లూ చంకనే ఎందుకు మోస్తున్నావమ్మా, కొలతలిస్తే ఉచితంగా చక్రాల కుర్చీ వస్తుంది కదా అని అడగవచ్చు. వీటికి కొత్త చట్టం అక్కరలేదు, బడ్జెట్టూ అక్కరలేదు; ఇవన్నీ ఉన్నవే, తెలియక పోగొట్టుకుంటున్నవే. ఈ నాలుగు మాటలు చెప్పే మనిషిని ఒక్కరిని ఆ బల్ల పక్కన కూర్చోబెట్టాలని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే బల్ల వేసింది ఇవ్వడానికి కాదు.

సర్టిఫికెట్లు అమ్మినవారి పేర్లూ, వారు సంతకాలు చేసిన ఆసుపత్రులూ, దళారులు మింగిన సొమ్మూ అందరికీ తెలిసేలా బయటపెట్టేదాకా, ఏ తల్లికైనా ఇంకొక నోటీసు పంపే అర్హత ఈ ప్రభుత్వానికి లేదు.